ఎరువు పొలానికి, రేడియం గుట్టకు

50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుందని ఎరువుల లెక్క చెబుతుంది. ఇక్కడ భాస్వరమంటే శుద్ధ మూలకం కాదు, ఎరువుల రంగంలో కొలమానంగా వాడే ఫాస్ఫరస్ పెంటాక్సైడ్. ఆ 23 కిలోలను ముడిరాతి నుంచి ఆమ్లరూపంలో రాబట్టేసరికి, ఆ పని ఎక్కడ జరిగినా, కర్మాగారంలో 100 కిలోలకు పైగా తెల్లటి తడి జిప్సం మిగిలిపోతుంది. అంటే రైతు ఇంటికి చేరే ఒక్కో బస్తా వెనుక దానికి రెట్టింపు బరువున్న వ్యర్థం ఎక్కడో ఒకచోట పోగుపడుతోందన్నమాట. ఫాస్ఫోజిప్సం అనే ఈ వ్యర్థం ప్రపంచంలో ఏటా పది కోట్ల టన్నులకు మించి తయారవుతోందని అంచనా. అందులో చాలా భాగం కొండల్లాంటి గుట్టలుగా మిగులుతుండగా కొంత సముద్రంలో కలుస్తోంది, మరికొంత సిమెంటులోకి, పొలాల్లోకి, ఇళ్ల గోడల్లోకి చేరుతోంది. ఈ జిప్సంలో సహజ రేడియోధార్మికత ఉండటంవల్ల, దానిని ఏ చోట ఉంచాలి, ఏ పనికి వాడవచ్చు అన్న ప్రశ్న అర్ధ శతాబ్దంగా శాస్త్రవేత్తలను, ప్రభుత్వాలను వెంటాడుతోంది.

రాతిలోకి యురేనియం ఎలా వచ్చింది?

భాస్వరపు ఎరువులకు ముడిసరుకు రాక్ ఫాస్ఫేట్. ఇందులోని ప్రధాన ఖనిజం కాల్షియం, భాస్వరం, ఫ్లోరిన్ కలిసిన అపటైట్. ప్రపంచంలో తవ్వే ఫాస్ఫేటు రాతిలో అధికభాగం, లోతు తక్కువగా ఉన్న ప్రాచీన సముద్రాల అడుగున జీవరాశుల అవశేషాలతో కూడిన అవక్షేపంగా ఏర్పడినదే. సముద్రజలంలో యురేనియం లీటరుకు మూడు మైక్రోగ్రాముల చొప్పున కరిగి ఉంటుంది. ఆ యురేనియం పరమాణువులు అపటైట్ స్ఫటికంలో కాల్షియం ఉండవలసిన స్థానాల్లో చేరడంవల్ల లక్షల సంవత్సరాలలో అవక్షేప ఫాస్ఫేట్లు యురేనియాన్ని కూడబెట్టుకున్నాయి. భూమి పైపొరలో సగటున టన్నుకు మూడు గ్రాముల లోపే ఉండే యురేనియం ఈ రాళ్లలో టన్నుకు 50 నుంచి 200 గ్రాముల దాకా ఉండటం సాధారణం. మొరాకో, ఫ్లోరిడా, జోర్డాన్ రాళ్లు ఈ కోవకు చెందినవే. ఇందుకు భిన్నంగా, కరిగిన శిలాద్రవం చల్లారి ఏర్పడిన ఫాస్ఫేట్లలో, ఉదాహరణకు రష్యాలోని కోలా ద్వీపకల్పంలో దొరికే రాతిలో, యురేనియం చాలా తక్కువ. భాస్వరానికీ యురేనియానికీ మధ్య ఉన్న ఈ చెలిమికి తెలుగునేల మీదనే సాక్ష్యం ఉంది: కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వుతున్న యురేనియం, అక్కడి డోలోమైటు రాతిపొరల్లోని ఫాస్ఫేటు ఖనిజంతో ముడిపడి ఉన్నదే.

ఫాస్ఫేటు రాళ్లు రేడియోధార్మికమైనవన్న సంగతి కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలోనే, రేడియోధార్మికత కనుగొన్న కొద్ది సంవత్సరాలకే, బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త ఆర్.జె. స్ట్రట్ ఇటువంటి రాళ్లలో రేడియం అసాధారణంగా ఎక్కువ ఉందని గుర్తించాడు. యురేనియం ఉన్నచోట రేడియం ఉండటానికి కారణం పరమాణు విఘటనమే. 447 కోట్ల సంవత్సరాల అర్ధాయువు గల యురేనియం-238, అంటే ఉన్న పరమాణువులలో సగం విచ్ఛిన్నం కావడానికి అంతకాలం పట్టే యురేనియం, నేరుగా సీసంగా మారదు. థోరియం, రేడియం, రేడాన్, పొలోనియం వంటి మూలకాల రూపాలను వరుసగా దాటుతూ, 14 మజిలీల తరువాత స్థిరమైన సీసం దగ్గర ఆగుతుంది. ఈ వరుసలో రేడియం-226 అర్ధాయువు 1,600 సంవత్సరాలు. దాని నుంచి పుట్టే రేడాన్-222 వాయువుది 3.8 రోజులు. లక్షల సంవత్సరాలు కదలకుండా ఉన్న రాతిలో ఈ వంశమంతా సమతూకంలో ఉంటుంది. వంశంలోని ప్రతి సభ్యుడి పరమాణువులూ సెకనుకు దాదాపు ఒకే సంఖ్యలో విచ్ఛిన్నమవుతుంటాయి. ఆ సమతూకాన్ని చెదరగొట్టేది ఎరువుల కర్మాగారం.

ఆమ్లం చేసే పంపకం

మెత్తగా పొడిచేసిన రాతిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపినప్పుడు ఫాస్ఫారిక్ ఆమ్లం ద్రవంగా విడిపోతుంది, రాతిలోని కాల్షియం ఆమ్లంలోని సల్ఫేటుతో కూడి జిప్సం స్ఫటికాలుగా అడుగుకు దిగుతుంది. తయారైన ప్రతి టన్ను భాస్వరానికి దాదాపు ఐదు టన్నుల జిప్సం వస్తుంది. ఈ క్రియలో రేడియోధార్మిక మూలకాలు కూడా రెండు దారులు పడతాయి. యురేనియంలో అధికభాగం ఫాస్ఫారిక్ ఆమ్లంలో కరిగి, ఎరువుతో పాటు పొలానికి వెళ్తుంది. ఆవర్తన పట్టికలో కాల్షియం ఉన్న నిలువు వరుసలోనే ఉండే రేడియం మాత్రం, సల్ఫేటుతో కలిసినప్పుడు నీటిలో దాదాపు కరగనిదిగా మారి, కాల్షియం వెంట జిప్సంలో స్థిరపడుతుంది. రాతిలోని రేడియంలో 80 నుంచి 90 శాతం వరకు జిప్సంలోనే మిగులుతుందని కొలతలు చెబుతున్నాయి. కర్మాగారం కొత్తగా రేడియోధార్మికతను పుట్టించదు. భూమి లోపల చెదిరి ఉన్నదానిని పైకి తెచ్చి, వేరుచేసి, ఒకచోట కుప్పపోస్తుంది.

ఇక్కడ సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ప్రత్యేకతను గమనించాలి. ఈ ఎరువు తయారీలో రాతికి సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన తరువాత జిప్సాన్ని వేరుచేయరు, అది ఎరువులోనే ఉండిపోతుంది. కాబట్టి ఈ పద్ధతిలో గుట్టలు పెరగవు కానీ యురేనియం, రేడియం రెండూ బస్తాలోనే ఉంటాయి. డీఏపీ వంటి గాఢమైన ఎరువులలో రేడియం వెనుకనే ఆగిపోయి, యురేనియం మాత్రమే పొలం చేరుతుంది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో దశాబ్దాలపాటు సూపర్ ఫాస్ఫేట్ వేసిన మళ్లను పరీక్షించినప్పుడు, ఎరువుతో వచ్చిన యురేనియంలో ఎక్కువ భాగం నాగలి తిరిగే పైపొరలోనే నిలిచిపోయినట్టు తేలింది.

రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం బెక్వెరెల్. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే అది ఒక బెక్వెరెల్. ప్రపంచవ్యాప్తంగా మామూలు నేలలో రేడియం-226 సగటున కిలోకు 30 నుంచి 35 బెక్వెరెళ్లు ఉంటుంది. అవక్షేప రాళ్ల నుంచి వచ్చిన ఫాస్ఫోజిప్సంలో అది కొన్ని వందల నుంచి వెయ్యికి కొద్దిగా పైదాకా ఉంటే, కోలా వంటి శిలల నుంచి వచ్చిన జిప్సంలో మామూలు మట్టి స్థాయికి దగ్గరగానే ఉంటుంది. అందువల్ల 'ఫాస్ఫోజిప్సం ప్రమాదకరమా' అన్న ప్రశ్నకు రాయి ఏ దేశానిదో తెలియకుండా జవాబు చెప్పడం కుదరదు. సహజ రేడియోధార్మిక పదార్థాలపై నియంత్రణ ఎక్కడ మొదలవ్వాలో సూచిస్తూ అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పెట్టిన హద్దు గ్రాముకు ఒక బెక్వెరెల్, అంటే కిలోకు 1,000. ఫాస్ఫోజిప్సం సరిగ్గా ఈ గీతకు అటూ ఇటూ ఊగిసలాడే పదార్థం కావడమే వివాదమంతటికీ మూలం.

సంఖ్య ఒక్కటే సరిపోదు

బెక్వెరెళ్ల సంఖ్యను మాత్రమే చూసి భయపడటం గానీ నిశ్చింతగా ఉండటం గానీ సరికాదు. పొటాషియంలో అతికొద్ది భాగం సహజంగానే రేడియోధార్మికమైన పొటాషియం-40 కాబట్టి, రైతులు వాడే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువులో కిలోకు సుమారు 15,000 బెక్వెరెళ్లు ఉంటాయి. ఫాస్ఫోజిప్సంలోని రేడియం కంటే ఇది పదిరెట్లకు పైమాటే. అయినా శరీరం తనకు కావలసినంత పొటాషియాన్నే ఉంచుకుని మిగిలినది విసర్జిస్తుంది గనుక దానివల్ల మోతాదు పెరిగిపోదు. రేడియం స్వభావం వేరు. లోపలికి వెళ్లిన రేడియంలో కొంత, కాల్షియం అనుకుని శరీరం ఎముకల్లో చేర్చుకోవడంవల్ల అక్కడ దశాబ్దాలు ఉండిపోతుంది. 1920లలో అమెరికాలో గడియారాల ముఖాలపై రేడియం రంగు పూసిన యువతుల అనుభవం ఈ సత్యాన్ని ప్రపంచానికి చాలా కఠినంగా నేర్పింది. వారి శరీరాల్లోకి వెళ్లిన రేడియంతో పోలిస్తే జిప్సంలో ఉండేది అత్యల్పం కానీ, మూలకం ఏది, అది ఏ దారిన శరీరంలోకి వెళ్తుంది అన్నవే అపాయాన్ని నిర్ణయిస్తాయన్న సూత్రం మాత్రం మారదు.

ఆ దారులు ప్రధానంగా నాలుగు. మొదటిది బయటి నుంచి తగిలే గామా కిరణాలు. గుట్టపై వాటి స్థాయి మామూలు నేలపై కంటే కొన్ని రెట్లు ఎక్కువైనా, ఏడాదికి 2,000 గంటలు అక్కడే పనిచేసే కార్మికుడికి చేరే అదనపు మోతాదు సాధారణంగా ఒక మిల్లీసీవర్టు లోపే ఉంటుంది. సీవర్టు అనేది శరీరంపై కిరణాల ప్రభావాన్ని కొలిచే ప్రమాణం. ప్రకృతి నుంచే ప్రతి మనిషికీ ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతుండగా, దానికి అదనంగా సాధారణ ప్రజలకు చేరదగిన గరిష్ఠ పరిమితి ఏడాదికి ఒక మిల్లీసీవర్టు. రెండవది ధూళి, జిప్సం గుట్టపై ఏర్పడే గట్టి పెచ్చు దానిని చాలావరకు అణచి ఉంచుతుంది. మూడవది నీరు. నాలుగవది, అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది, రేడాన్.

రేడియం నుంచి నిరంతరం పుట్టే ఈ వాయువుకు రంగు, వాసన, రుచి లేవు. ఆరుబయట గాలిలో అది క్షణాల్లో పలచబడిపోతుంది. గాలి ఆడని గదిలో మాత్రం పోగుపడి, దాని నుంచి పుట్టే పొలోనియం వంటి ఘన కణాలు ఊపిరితిత్తుల లోపలి గోడలకు అతుక్కుని ఆల్ఫా కణాలను వెదజల్లుతాయి. పొగతాగడం తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరుకు ముఖ్య కారణాల్లో రేడాన్ ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ కారణంగానే ఆరుబయట పెద్దగా హాని చేయని గుట్ట, మట్టి కప్పి దానిమీద ఇళ్లు కట్టినప్పుడు హానికరంగా మారే అవకాశం ఉంది.

కర్మాగారం లోపల మరో చిక్కు ఉంది. జిప్సాన్ని వడపోసే పళ్లేలు, గొట్టాల లోపలి గోడలపై ఏళ్ల తరబడి పేరుకునే గట్టి పెచ్చులో రేడియం గాఢత గుట్టలోని జిప్సంతో పోలిస్తే ఎన్నో రెట్లు అధికంగా ఉండవచ్చు. పరిమాణంలో అది కొద్దిదే అయినా, గొట్టాలను గీకి శుభ్రపరిచే కార్మికులకు, ఆ పాత గొట్టాలను తుక్కుగా కొనే వ్యాపారులకు అసలు అపాయం గుట్టకంటే ఈ పెచ్చు నుంచే ఎక్కువ. రాతిని ఆమ్లంతో కాక విద్యుత్ కొలిమిలో కాల్చి భాస్వరాన్ని తీసే పద్ధతిలో రేడియం చిట్టెంలో మిగిలిపోతుంది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో సోడా స్ప్రింగ్స్, పొకటెలో పట్టణాల్లో ఈ చిట్టేన్ని వీధులకు, ఇళ్ల పునాదులకు వాడిన తరువాత గామా కిరణాల స్థాయి పెరిగినట్టు గుర్తించారు.

గుట్టలు నేర్పిన పాఠం

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో సుమారు వంద కోట్ల టన్నుల ఫాస్ఫోజిప్సం గుట్టలుగా నిలిచి ఉంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1989లో రేడాన్‌ను దృష్టిలో పెట్టుకుని, ఈ వ్యర్థాన్ని ప్రత్యేక గుట్టల్లోనే ఉంచాలని నిబంధన పెట్టింది. 1992లో సడలించి, రేడియం కిలోకు 370 బెక్వెరెళ్లకు మించనిదైతే వ్యవసాయానికి వాడవచ్చని చెప్పింది. 2020 అక్టోబరులో రహదారుల నిర్మాణానికి అనుమతి ఇచ్చి, 2021 జూన్‌లో దానిని వెనక్కి తీసుకుంది. తిరిగి 2024 డిసెంబరులో ఒక కర్మాగారం ఆవరణలో చిన్న ప్రయోగాత్మక రహదారికి మాత్రం ఒప్పుకుంది. ఒకే సంస్థ, ఒకే పదార్థంపై ఇన్నిసార్లు అటూ ఇటూ మారిందంటే తీర్పు ఎంత సున్నితమైనదో అర్థమవుతుంది.

అయితే ఆ రాష్ట్రంలో ఇప్పటివరకు జరిగిన పెద్ద ప్రమాదాలకు కారణం కిరణాలు కావు, నీరు. జిప్సాన్ని గుట్టకు తోడే నీరు తీవ్రమైన ఆమ్ల గుణంతో, ఫ్లోరైడు, ఫాస్ఫేటు, భారలోహాలతో నిండి, గుట్ట నడినెత్తిన చెరువుగా నిలుస్తుంది. 2016లో న్యూ వేల్స్ గుట్ట కింద నేల కుంగి గొయ్యి పడటంతో కోట్ల లీటర్ల నీరు భూగర్భ జలాశయంలోకి దిగిపోయింది. 2021 వసంతంలో పైనీ పాయింట్ అనే మూతపడిన కర్మాగారపు గుట్టకు లీకు రాగా, కట్ట తెగుతుందన్న భయంతో వందలాది ఇళ్లను ఖాళీ చేయించి, సుమారు 81 కోట్ల లీటర్ల నీటిని టాంపా అఖాతంలోకి వదలవలసి వచ్చింది. స్పెయిన్‌లోని ఉయెల్వా పట్టణం పక్కన టింటో నదీముఖంలోని చిత్తడి నేలపై 1960ల చివరి నుంచి 2010 వరకు పోసిన సుమారు పది కోట్ల టన్నుల జిప్సం 1,200 హెక్టార్లను కప్పి ఇప్పటికీ ఉంది. ట్యునీషియాలోని గాబెస్ తీరంలో దశాబ్దాలుగా ఈ వ్యర్థాన్ని నేరుగా సముద్రంలోకి వదలడంవల్ల అఖాతం అడుగున సముద్రపు గడ్డి మైదానాలు దెబ్బతిన్నాయి.

మన గడప దగ్గర

భారతదేశంలో ఫాస్ఫారిక్ ఆమ్లం తయారుచేసే కర్మాగారాలు విశాఖపట్నం, ఒడిశాలోని పారదీప్, తమిళనాడులోని తూత్తుకుడి, కేరళలోని కొచ్చి వంటి చోట్ల, ఎక్కువగా రేవుల పక్కనే ఉన్నాయి. కారణం రాయి మొరాకో, జోర్డాన్ వంటి దేశాల నుంచి ఓడల్లో రావడమే. విశాఖలో ఈ పరిశ్రమ 1960ల చివరి నుంచీ ఉంది. మరోవైపు డీఏపీలో పెద్దభాగాన్ని, ఆమ్లంలో కొంతభాగాన్ని దేశం తయారైన రూపంలోనే దిగుమతి చేసుకుంటోంది. ఆ మేరకు తెలుగు రైతు పొలానికి చేరిన భాస్వరం తాలూకు జిప్సం మొరాకోలోనో సౌదీ అరేబియాలోనో మిగిలిపోతోంది.

ఇక్కడ తయారైన జిప్సాన్ని ఎక్కువగా కొనేవి సిమెంటు కర్మాగారాలు. క్లింకరును పొడిచేసేటప్పుడు నూటికి మూడు నుంచి ఐదు పాళ్ల జిప్సం కలపకపోతే సిమెంటు నీరు తగిలిన వెంటనే గట్టిపడిపోతుంది. ఇంత కొద్ది పాలే కలుస్తుంది కనుక రేడియం గాఢత కూడా అదే నిష్పత్తిలో పలచబడుతుంది. గాజుపోగులు చేర్చి జిప్సంతో పోసే గోడ పలకలతో మద్రాసు ఐఐటీ 2013లో తన ఆవరణలో రెండంతస్తుల నమూనా భవనాన్ని కట్టింది. జాతీయ రహదారుల్లో వాడి చూడాలన్న ప్రయత్నాలూ ఇటీవల మొదలయ్యాయి. అణుశక్తి నియంత్రణ మండలి 2009లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, రేడియం-226 గ్రాముకు ఒక బెక్వెరెల్ లోపు ఉన్న ఫాస్ఫోజిప్సాన్ని భవన నిర్మాణ సామగ్రికి అమ్మడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు; అంతకు మించితే ఇతర పదార్థాలు కలిపి ఆ హద్దు లోపలికి తేవాలి; గోడ పలకలకు చదరపు మీటరుకు 40,000 బెక్వెరెళ్ల హద్దు కూడా ఉంది. వ్యవసాయ వినియోగానికి మాత్రం మండలి అనుమతి అవసరం లేదు.

ఈ చివరి అంశం రాయలసీమ వేరుశనగ రైతుకు నేరుగా సంబంధించినది. ఊడలు దిగి కాయ ఊరే దశలో కాల్షియం, గంధకం అందడానికి ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలని వ్యవసాయ శాఖ దశాబ్దాలుగా సిఫారసు చేస్తోంది. ఆ జిప్సం రాజస్థాన్ గనుల ఖనిజం కావచ్చు, కర్మాగారపు ఫాస్ఫోజిప్సం కావచ్చు. అది కిలోకు 1,000 బెక్వెరెళ్ల ఫాస్ఫోజిప్సమే అనుకుని లెక్క వేస్తే, ఎకరాకు చేరేది రెండు లక్షల బెక్వెరెళ్ల రేడియం. ఎకరా నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు; అందులో సహజంగానే రెండున్నర కోట్ల నుంచి మూడు కోట్ల బెక్వెరెళ్ల రేడియం ఉంది. అంటే ఒకసారి వేసిన జిప్సంతో పెరిగేది ఒక శాతం కంటే తక్కువ. ఏటా వేసినా నేలలోని రేడియం రెట్టింపు కావడానికి వందేళ్లకు పైగా పడుతుంది. చౌడు భూములను బాగుచేయడానికి ఎకరాకు టన్నుల్లో వేసే చోట ఈ పెరుగుదల ఒక్కసారికే ఐదు, పది శాతం దాకా వెళ్లవచ్చు. వేరుశనగ చేనుకు భయం అక్కర్లేదని ఈ లెక్క చెబుతోంది. అదే లెక్క ప్రకారం, మోతాదు పెరిగే చోట, రాయి మారే చోట కొలత లేకుండా ముందుకు వెళ్లకూడదు.

అమెరికా వ్యవసాయానికి కిలోకు 370 బెక్వెరెళ్ల దగ్గర గీత గీస్తే, భారతదేశం వ్యవసాయానికి హద్దే పెట్టకపోవడం మొదటి చూపులో విడ్డూరంగా కనిపిస్తుంది. ఆ దేశపు నిబంధన, ఇప్పటి పొలంలో దశాబ్దాల తరువాత ఇల్లు కట్టుకుని ఉండబోయే మనిషికి చేరే రేడాన్‌ను లెక్కలోకి తీసుకున్నది. మన నిబంధన ఇప్పటి వాడకంలో మోతాదు స్వల్పమన్న అంచనాపై నిలిచినది. పట్టణాలు పొలాలను మింగుతూ పెరుగుతున్న ఈ రోజుల్లో పొలంలో రేపు కట్టబోయే ఆ ఇంటి సంగతి తెలుగు రాష్ట్రాలకు కూడా వర్తిస్తుంది. గుట్టగా వదిలేసిన జిప్సం వాన నీటిని విషపూరితం చేస్తుంది గనుక వినియోగమే మెరుగైన దారి. కానీ ఆ వినియోగానికి విశ్వాసం కలిగించేది కొలతే. దిగుమతయ్యే ప్రతి ఓడ సరుకు నుంచి వచ్చిన జిప్సంలో రేడియం ఎంతో కొలిచి, ఆ సంఖ్యను బస్తాపైనా గోడ పలకపైనా తెలుగులో ముద్రించాలి. పాత గుట్టల హద్దులను రెవెన్యూ రికార్డుల్లో ఎక్కించి, వాటిపై నివాస లేఅవుట్లకు ఎన్నటికీ అనుమతి ఇవ్వకూడదు. వడపోత పళ్లేలను, గొట్టాలను గీకే కాంట్రాక్టు కార్మికులకు మోతాదు కొలిచే బిళ్లలు ఇవ్వాలి. ఈ మూడు పనులకూ కొత్త శాస్త్రం అక్కర్లేదు, ఖర్చు కూడా పెద్దది కాదు. రేడియంలో సగం తరగడానికే 1,600 సంవత్సరాలు పడుతుంది కాబట్టి, వాటిని వాయిదా వేసిన కొద్దీ భారం రాబోయే తరాలపైనే పడుతుంది.